మూడో బ్రేకు

వెనక బ్రేకు తీగ తెగలేదు. ఎవరో దాన్ని విప్పి, చక్రం దాకా పోనివ్వకుండా సైకిలు గొట్టానికే కట్టేశారు.

బ్రేకమ్మ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. మళ్లీ మొదటినుంచి తడిమి చూసింది. వెనక సీటు వాళ్లు పట్టుకునే హ్యాండిలు, దానికి కుడివైపు లివరు, లివరు కిందనుంచి బయల్దేరిన తీగ. తీగ వెంబడే చెయ్యి వెనక్కి జరుపుకుంటూ పోయింది. చక్రం ఇరుసు ఇంకో జానెడు దూరం ఉందనగా తీగ ఆగిపోయింది. దాని కొన ఒక చిన్న స్ప్రింగుకు తగిలించి ఉంది. స్ప్రింగు రెండో కొనేమో గొట్టానికి బిగించిన స్టీలు పట్టీకి. అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. ఇరుసు మీది బ్రేకు డబ్బాకు, తీగ తగలాల్సిన కొక్కెం మాత్రం ఖాళీగా ఊగుతోంది.

లివరు నొక్కింది. బిగువుగా దిగింది. వదిలింది. టక్కున వెనక్కొచ్చింది. బాగున్న బ్రేకు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

"బాబాయ్, ఒకసారి ఇలా రా."

సైకిలు షాపు వెనక కొట్టులోకి నట్టు బాబాయి వచ్చాడు. మాట్లాడేటప్పుడు కూడా నోట్లో రెండు నట్లు ఉంటాయి కాబట్టి ఆయన నట్టు బాబాయి. రోడ్డు మీద ఆకు కదిలినా బ్రేకు వేస్తుంది కాబట్టి ఆవిడ బ్రేకమ్మ. జంట సైకిళ్ల సంఘంలో చేరినవాళ్లెవరికీ సొంత పేరు మూడు నెలలకు మించి నిలవలేదు.

జంట సైకిలంటే ఒకే సైకిలుకు రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు. ముందు సీట్లో చూపున్నవాళ్లు కూర్చుని దారి చూసుకుంటారు. వెనక సీట్లో చూపు లేనివాళ్లు కూర్చుని వాళ్లతో సమానంగా తొక్కుతారు. సంఘానికి అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ముందు సీటుకు రెండు బ్రేకులు, వెనక సీటుకు ఒకటి. ఆ మూడోది డబ్బాలో దాగి ఉండే బ్రేకు. వానకు తడవనిది అదొక్కటే.

"ఏంటమ్మా, బెల్లు ఊడిరాలేదా?" అన్నాడు నట్టు బాబాయి.

"బెల్లు సంగతి తర్వాత. ఈ తీగ ఇలా ఎవరు కట్టారు?"

ఆయన వంగి చూశాడు. నోట్లోంచి నట్లు తీసి అరచేతిలో వేసుకున్న చప్పుడు వినిపించింది. పదేళ్ల పరిచయంలో ఆయన ఆ పని చేయడం ఇదే మొదటిసారి.

"నేను కాదు," అన్నాడు మెల్లగా. "అమ్మా, ఒట్టు, నేను కాదు. మీరు పడకముందు గురువారం బిగించి ఇచ్చాను. ఈ వీధిలో నువ్వే తొక్కి చూశావు కూడా. నొక్కగానే చక్రం బిగుసుకుపోయింది."

"గుర్తుంది బాబాయ్. నిన్నేమీ అనడం లేదు."

ఆ గురువారం తర్వాత వచ్చిన ఆదివారమే ప్రమాదం జరిగింది. ఆరు వారాలైంది. సన్నగా జల్లు పడుతున్న ఉదయం నీళ్ల ట్యాంకు దిబ్బ మీదనుంచి దిగుతుంటే, ముందు సీట్లో ఉన్న ఆమె తమ్ముడి రెండు బ్రేకులూ తడి చక్రాల మీద జారిపోయాయి. "మూడో బ్రేకు అక్కా," అని అరిచాడు. ఆమె వేసింది. ఉన్న బలమంతా పెట్టి వేసింది. సైకిలు ఆగలేదు. దిబ్బ కింద మందుల షాపు ముందు ఒక పెయింటరు నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్నాడు. నిచ్చెన పడింది, ఆయనా పడ్డాడు. ఆయన కుడి మణికట్టు విరిగింది. తమ్ముడి కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. బ్రేకమ్మ మోకాలు చెక్కుకుపోయింది, అంతే.

ఆ తర్వాత అందరూ ఆమె మీద ఎంత దయ చూపించారో చెప్పలేం. కంగారులో ఎవరికైనా అలాగే అవుతుందన్నారు. నీ తప్పేం లేదమ్మా అన్నారు. నేను బ్రేకు వేశానంటే, "ఆఁ ఆఁ, వేశావులే" అని భుజం తట్టారు. సంఘం కార్యదర్శి స్టేషన్ మాస్టారు, అంటే రిటైరైన స్టేషన్ మాస్టారు, స్వయంగా వచ్చి లివరు నొక్కి చూసి, 'బ్రేకు సక్రమంగా ఉన్నది. వెనక సీటు సమయానికి వేయలేదు' అని రాసేశారు. ఈ ఆదివారం సమావేశం. తొమ్మిది సైకిళ్లకూ వెనక బ్రేకులు తీసేయాలని తీర్మానం. ఇకమీదట వెనక సీటు వాళ్లు బస్తాల్లా కూర్చుంటే చాలు.

ఆరు వారాలుగా బ్రేకమ్మ తన చేతినే అనుమానించుకుంటోంది. నిజంగా నొక్కానా, నొక్కాననుకున్నానా? నొక్కిన గుర్తు కలలోదా? ఇవాళ గురువారం. సైకిలు వంకరపోయింది, బాగుపడదు, శనివారం తుక్కుకు పోతుంది, నీ బెల్లు ఉంటే తీసుకుపొమ్మని నట్టు బాబాయి కబురు పెడితే వచ్చింది. వచ్చాక చెయ్యి అలవాటుగా తీగ వెంట వెళ్లింది.

"బాబాయ్, తీగ కత్తిరించాక కొన ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, అలా వదిలేస్తాను. బుద్ధి పుడితే చిన్న తొడుగు పెడతాను."

"ఇక్కడ లోపలికి మడిచి, పైన టేపు చుట్టి ఉంది. పట్టీ అంచుకు కూడా టేపు వేశారు."

ఆయన మళ్లీ వంగాడు. "నిజమే. పని తెలిసినవాడే. అయినా ఇంత శ్రద్ధ ఎందుకు? ఎవరి చెయ్యి గీసుకుపోతుందని?"

బ్రేకమ్మ మడిచిన కొనను ఇంకోసారి తడిమింది. ఆమెకు తెలిసిపోయింది.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు కిటికీ జాలీ తీగ ఒకటి బయటికి పొడుచుకొచ్చి అరచెయ్యి చీరేసింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆరేళ్ల తమ్ముడు ఆ రోజునుంచి ఇంట్లో ఏ తీగ కనబడినా కొన మడిచేవాడు. బట్టలారేసే తీగ, హ్యాంగరు, గోడకు వేలాడే కరెంటు వైరు, ఏదైనా సరే. పెద్దయ్యి లిఫ్టు మెకానిక్కు అయ్యాక జేబులో నల్ల టేపు చుట్ట లేకుండా గడప దాటలేదు. ఎవరు ఈ బ్రేకు విప్పారో, వాళ్లు బ్రేకు లేకపోతే అక్కకు ఏమవుతుందో ఆలోచించలేదు గానీ, అక్క వేలు మాత్రం గీసుకుపోకూడదనుకున్నారు.

ఆమె తీగ వదిలి లేచి నిలబడింది.

"దీన్ని తుక్కుకు పంపించొద్దు," అంది.

"మీ తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టాడమ్మా."

"తెలుసు. అయినా పంపించొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఆదివారం పదింటికి గ్రంథాలయం గుమ్మం దాకా తీసుకురా. లోపలికి తేవాలో వద్దో అప్పుడు చూద్దాం."

"లోపలికి తెస్తే ఏమవుతుందో తెలుసుగా? అందరూ నా వైపే చూస్తారు. ఆఖరున చెయ్యి పెట్టింది నేనే."

"తెలుసు బాబాయ్. అందుకే నాకు రెండు రోజులు కావాలి."

ఆయన నట్లు మళ్లీ నోట్లో వేసుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

*

బ్రేకమ్మ బస్టాండు దగ్గరి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఇరవై ఏళ్లుగా ఇతరుల కీళ్లూ కండరాలూ ఆమె చేతుల కింద లేచి నిలబడ్డాయి. శుక్రవారం పదకొండింటికి బోర్డు పెయింటరు వచ్చాడు. కట్టు విప్పాక ఇది ఆయన నాలుగో రోజు.

"బంతి పిండండి," అంది ఆమె.

"పిండుతూనే ఉన్నాను మేడం. దీనికే నా మీద జాలి లేదు."

"నిన్నటికి ఇవాళ్టికి తేడా ఉంది."

"ఉండకేం. నిన్న సున్నా గీద్దామని కూర్చుంటే కోడిగుడ్డు వచ్చింది. ఇవాళ కోడిగుడ్డు గీద్దామని కూర్చుంటే సున్నా వచ్చింది. ఎటు చూసినా అభివృద్ధే."

ఆమె నవ్వుతూ ఆయన మణికట్టును మెల్లగా వంచింది. ఆయన పళ్లు బిగించాడు, కాసేపటికి వదిలాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అన్నాడు. "చెయ్యి వస్తుంది, నాకు భయం లేదు. మొన్న ఊరికే నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. రెండో మెట్టు మీద తల దానంతటదే వెనక్కి తిరిగింది. పైనుంచి ఎవరైనా వస్తున్నారేమోనని. మూడో మెట్టు ఎక్కలేదు, దిగిపోయాను. అసలేం జరిగిందో తెలిస్తే ఈ తల తిరగడం ఆగుతుందేమోనని నా ఆశ. మాస్టారు వచ్చి పళ్లు ఇచ్చి వెళ్లారు. మీ తమ్ముడు ఐదుసార్లు వచ్చి పళ్లు ఇచ్చి వెళ్లాడు. ఇంట్లో పళ్లకు కొదవ లేదు. మాటే ఎవరూ చెప్పలేదు."

"మీరేం విన్నారు?"

"మీరు బ్రేకు వేయలేదని విన్నాను. నిజమేనా?"

ఆరు వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. మిగతావాళ్లందరూ అడగకుండానే క్షమించేశారు.

"వేశాను," అంది.

"సరే. వేశారు. మరి ఎందుకు ఆగలేదు?"

అంతే. వేశారులే అనలేదు. భుజం తట్టలేదు. వేశారు, మరి ఎందుకు ఆగలేదు. బ్రేకమ్మకు ఎందుకో కళ్లు చెమర్చాయి. ఆయన చెయ్యి బల్ల మీద పెట్టి, తువ్వాలు మడిచింది.

"ఆదివారం పదింటికి గ్రంథాలయంలో సమావేశం. మీరు రావాలి."

"పళ్లు తేవాలా?" అన్నాడు పెయింటరు.

*

తమ్ముడిది కింది వాటా, ఆమెది పైవాటా. ఆ రోజు సాయంత్రం మెట్లు దిగి వెళ్లేసరికి మరదలు తలుపు తీసింది.

"రండి వదినా. టీ ముందా, ఈయనగారి భుజం ముందా?"

"భుజం. టీ తాగితే నా చేతులు మెత్తబడతాయి."

"మెత్తబడనివ్వకండి. ఆరు వారాలుగా చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత సేవ చేయలేదు."

తమ్ముడు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే ఈ మాటకు ఎదురు మాట ఉంటుంది. ఇవాళ లేదు. బ్రేకమ్మ వెనక నిలబడి, ఒక అరచెయ్యి అతని రెక్క ఎముక మీద ఆనించి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. ఒకటి. రెండు. మూడు. మరదలు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

"రేపు సైకిలు తుక్కుకు పోతుందటగా," అంది.

"ఊఁ. ఎందుకక్కా అది, చూస్తేనే బాధ."

"నిన్న షాపుకు వెళ్లాను. బెల్లు తెచ్చుకుందామని."

ఆమె అరచేతి కింద కండరం రాయిలా అయిపోయింది. మనుషులు నోటితో ఎన్నయినా చెబుతారు. భుజంతో చెప్పలేరు.

"ఆరు... ఏడు. మూడో బ్రేకు తీగ చూశాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు. వీధిలో ఏదో బండి హారను.

"నట్టు బాబాయి సరిగ్గా బిగించి ఉండడు," అన్నాడు తమ్ముడు చివరికి. "ముసలాడైపోయాడు. నేను ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాను."

దిబ్బ మీదనుంచి పడ్డప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు ఆమెకు. మోచెయ్యి మెల్లగా కిందికి దించింది. గొంతు పెంచలేదు. పెంచితే వంటింటిదాకా వినబడుతుంది.

"తీగ కొన మడిచి, టేపు చుట్టి ఉందిరా."

అతని వీపు ఆమె అరచేతి కిందనుంచి ముందుకు జరిగింది. 

"నేను ఎవరికీ నీ పేరు చెప్పలేదు," అంది. "చెప్పను కూడా. నీ మాట నేను చెబితే అది నా మాటవుతుంది. కానీ ఆదివారం సైకిలు గుమ్మం దగ్గర ఉంటుంది. తడిమి చూసేవాళ్లు మాలో తొమ్మిది మంది ఉన్నారు. తీగ ఎవరో కట్టారని నిమిషంలో తేల్చేస్తారు. ఎవరు కట్టారన్నది నువ్వు నోరు విప్పకపోతే బాబాయి నెత్తిన పడుతుంది. అది నువ్వు చూస్తూ కూర్చోగలవేమో ఆలోచించుకో. ముందు నేను లేచి నా తప్పు చెబుతాను."

"నీ తప్పేముంది అక్కా అందులో?"

"చూశావా," అంది బ్రేకమ్మ. "తప్పు చేసే అర్హత కూడా నాకు లేదు మీ లెక్కలో."

మరదలు టీ కప్పులతో వచ్చింది. ఇద్దరి వంకా చూసి, "ఏంటి, నొప్పి ఎక్కువైందా?" అని అడిగింది.

"సరైన చోటే పట్టుకున్నాను," అంది బ్రేకమ్మ. "నొప్పి ఉంటుంది."

*

ఆదివారం పదింటికి గ్రంథాలయం చదువుల గదిలో బల్లలు గోడవారకు జరిపి కుర్చీలు వేశారు. బ్రేకమ్మ చప్పుళ్లను బట్టి లెక్కపెట్టుకుంది. ఎడమవైపు వెనక సీట్లవాళ్లు, కుడివైపు ముందు సీట్లవాళ్లు. తలుపు దగ్గర రంగు వాసన, అంటే పెయింటరు వచ్చాడు. కుడివైపు రెండో వరుసలో మరదలి గాజుల చప్పుడు. దాని పక్కన తమ్ముడు ఉన్నాడో లేదో తెలియదు. 

మాస్టారు ఈల వేశారు. రైళ్లు వదిలేశారు గానీ ఈల వదల్లేదాయన. తీర్మానం చదివారు.

"వెనక సీటు వారి క్షేమం దృష్ట్యా తొమ్మిది సైకిళ్లకూ వెనక బ్రేకులు తొలగించవలెను. ఇకపై వెనక సీటు వారు ఏ బాధ్యతా లేకుండా హాయిగా ప్రయాణించవచ్చును."

"హాయిగా ప్రయాణించడానికి బస్సుంది కదా మాస్టారూ," అన్నాడు రేడియో. అతను టెలిఫోన్ ఆపరేటరు, చూపు లేదు, నోటికి మాత్రం సెలవు లేదు.

నవ్వులు లేచాయి.

"మీ మంచికోసమే బాబూ," అన్నారు మాస్టారు.

"అదే నా భయం."

బ్రేకమ్మ లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. 

"ఆ ఆదివారం నేను రెండు పనులు చేశాను. ఒకటి, దిబ్బ మీద బ్రేకు వేశాను. ఆ సంగతి పక్కన పెట్టండి. రెండోది, ఇంటి ముందు హాజరు తప్పు చెప్పాను."

హాజరంటే అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్క పెయింటరుకు తప్ప. ఆమె ఆయన వైపు తిరిగి చెప్పింది. బయల్దేరేటప్పుడు ముందు సీటు ఒక్కొక్క భాగం పేరూ బడిలో మాదిరి పిలవాలి. వెనక సీటు చేత్తో పట్టి చూసి హాజరు పలకాలి. మూడో బ్రేకుకు మాత్రం లివరు నొక్కితే చాలదు. నొక్కి పట్టుకుంటే, ముందు సీటు సైకిలును ముందుకు నెట్టాలి. చక్రం కదలకపోతేనే హాజరు.

"ఆ రోజు జల్లు పడుతోంది, ఆలస్యమైంది. లివరు నొక్కాను, బిగువుగా ఉంది, హాజరు అన్నాను. సైకిలు నెట్టమని నేను అడగలేదు. అడిగి ఉంటే చక్రం తిరిగేది, మేము ఇంట్లోనే ఉండిపోయేవాళ్లం. పెయింటరు గారూ, మీ చెయ్యి విరగడంలో నా వాటా ఉంది. ఆ వాటా నాకు కావాలి. జాలిపడి ఎవరూ దాన్ని నా దగ్గర్నుంచి తీసేసుకోవద్దు. తప్పు నాది కాదన్నప్పుడే బ్రేకు కూడా నాది కాకుండా పోయింది."

మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. 

"అమ్మా," అన్నారు మాస్టారు, "నేను స్వయంగా లివరు నొక్కి చూశానే. పనిచేస్తోంది."

"చక్రం తిప్పి చూశారా?"

"వంకరపోయిన చక్రం ఎలా తిరుగుతుందమ్మా?"

"మరి బ్రేకు పనిచేస్తోందని ఎలా తెలిసింది మాస్టారూ?"

మాస్టారి పెన్ను బల్ల మీద దొర్లి ఆగింది. "అవును," అన్నారాయన. "నేనూ లివరే చూశాను."

గుమ్మం దగ్గర చప్పుడైంది. వంకర చక్రం గచ్చు మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు. నట్టు బాబాయి ఒక్కడే సైకిలు లాక్కొచ్చి, గడప ముందు ఆగాడు. లోపలికి తేవాలా వద్దా అని ఎదురుచూస్తున్నాడు. ఆయన ఆయాసం గదంతా వినబడుతోంది. బ్రేకమ్మ నోరు తెరవలేదు. ఒక్కసారి తెరిస్తే ఆ తర్వాత జరిగేదానికి విలువ ఉండదని ఆమెకు తెలుసు. 

కుడివైపు రెండో వరుసలో కుర్చీ వెనక్కి జరిగింది.

"తీసుకురా బాబాయ్," అన్నాడు తమ్ముడు. "మధ్యలో పెట్టు. అందరినీ చేతులు పెట్టి చూడనివ్వండి. లివరు పట్టుకుని మొదలుపెట్టండి, తీగ వెంబడే వెనక్కి రండి. మీరు చూస్తుండండి, నేను చెబుతుంటాను."

సైకిలు మధ్యలోకి వచ్చింది. ఎడమవైపునుంచి ఒక్కొక్కరే లేచారు. ఇనుము మీద వేళ్ల సవ్వడి మొదలైంది. తమ్ముడు నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది బాబాయి పని కాదు. గురువారం ఆయన బాగానే బిగించి ఇచ్చాడు. శనివారం సాయంత్రం మెట్ల కింద కూర్చుని నేను విప్పాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎందుకంటే, అక్క బ్రేకు వేస్తుంది. నేను మలుపు అని చెప్పకముందే వేస్తుంది. ప్రతి ఆదివారం మేమే ఆఖరు. బ్రేకమ్మ అని పేరు పెట్టింది నేనే. అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. ఆ నెలాఖరుకు అరవై కిలోమీటర్ల ప్రయాణం ఉంది, ఒక్కసారైనా అందరికంటే ముందుండాలనిపించింది. కాస్త తక్కువ వెయ్యి అక్కా అని అడిగితే అయిపోయేది. అడిగితే బాధపడుతుందని అడగలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అడిగితే, నువ్వే వేగంగా పోతున్నావురా అంటుంది. ఆ మాట నిజం. అది వినడం ఇష్టం లేక అడగలేదు.

"ఆ స్ప్రింగు దొరికిందా? అది ఎందుకో చెబుతాను. తీగ ఊరికే వదిలేస్తే లివరు వదులుగా ఉంటుంది, అక్క వేళ్లు పట్టేస్తాయి. అందుకని బిగువు కోసం పెట్టాను. తీగ విప్పడం తొందరపాటు అనుకోండి. స్ప్రింగు పెట్టడం మోసం. హాజరప్పుడు సైకిలు నెట్టాల్సింది నేను. ఆలస్యమైందని నెట్టలేదనుకుంటోంది అక్క. నెడితే దొరికిపోతానని నెట్టలేదు. అక్కా, నీ వాటా నువ్వు తీసుకుంటానన్నావు, సరే, కానీ అందులో ఇంత నాది, అది నాకు ఇచ్చెయ్యి.

"నేను లిఫ్టులు బాగుచేసే మనిషిని. ఖాళీ లిఫ్టయినా సరే, బ్రేకు విప్పి వదిలేసి ఎప్పుడూ ఇంటికి రాలేదు. మా అక్క ఎక్కే సైకిలుకు వదిలేశాను. ఎలా వదలగలిగానా అని ఆరు వారాలుగా ఆలోచిస్తున్నాను. లిఫ్టు బ్రేకు నిజం బ్రేకు అనుకున్నాను. అక్కది ఆవిడ సరదాకు పెట్టింది అనుకున్నాను. అదీ జవాబు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా అదే.

"దిబ్బ మీద నా రెండు బ్రేకులూ జారిపోతే, మూడో బ్రేకు అక్కా అని అరిచింది నేనే. అరిచాక గుర్తొచ్చింది. వెనకనుంచి అక్క, వేశానురా, వేశానురా అంటూనే ఉంది. కింద పడేదాకా అంటూనే ఉంది. ఆసుపత్రిలో మాస్టారు, పాపం అక్క కంగారుపడి ఉంటుంది అన్నారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. అక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. అనకపోయేసరికి మర్నాడు అది ఇంకా పెద్దదైంది, ఆ మర్నాడు ఇంకా. మొన్న బాబాయి మీదికి కూడా తోశాను. బాబాయ్, ఆ మాట నీ వెనక అన్నాను, అందుకే ఇప్పుడు నీ ముందు చెబుతున్నాను.

"పెయింటరు గారూ, మీ చెయ్యి నా వల్ల విరిగింది. పళ్లు తెచ్చిన ప్రతిసారీ ఇది చెప్పడానికే వచ్చాను, పళ్లు ఇచ్చేసి పారిపోయాను. మీరు మళ్లీ నిచ్చెన ఎక్కే రోజు ఒక్క మాట చెప్పండి. కింద నేను పట్టుకుంటాను. నేను పట్టుకుంటే భయమంటారా, దిబ్బ మీద నిలబడి పైనుంచి వచ్చేవాళ్లను ఆపుతాను. పని అయ్యేదాకా అక్కడే ఉంటాను.

"మాస్టారూ, ముందు సీటు నాకిప్పుడు వద్దు. మళ్లీ ఎప్పుడన్నది అక్క చెప్పాలి, నేను కాదు. ఆ తీర్మానం కొట్టేసి ఇలా రాసుకోండి. వెనక సీటు బ్రేకు వేసింది. సమయానికే వేసింది. ముందు సీటు ఆ బ్రేకును విప్పి, చెప్పకుండా ఆవిణ్ణి ఎక్కించుకుంది. తొమ్మిది బ్రేకులూ ఉండాలి. కింద కాస్త చోటు వదలండి, సంతకం నేను పెడతాను."